‘బాగుంది బాబూ’ అని పంపేయకండి

పొద్దుగూకే వేళ చేలోంచి వచ్చి, కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నారనుకోండి. భుజాన సంచీ వేసుకుని ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. "బాబాయ్, వారం కిందట మీ ఫోనులో వ్యవసాయ సలహాల యాప్ పెట్టి వెళ్లాం గదా. నోటితో అడిగితే నోటితోనే జవాబు చెబుతుందని చూపించాం. ఎట్టా ఉంది?" అని అడిగారు. మీరేమంటారు? మనకు తెలిసిన మర్యాద ఒకటే. "బాగుంది బాబూ, మంచి పని చేస్తున్నారు. కాసిని మజ్జిగ తాగి పోండి" అంటాం. వాళ్లు కాగితం మీద ‘బాగుంది’ అని రాసుకుని పోతారు.

అసలు జరిగింది వేరు. ఆ ఫోను మీ మాట మొదటిసారి అర్థం చేసుకోలేదు. రెండోసారి గట్టిగా చెబితే ఇంకేదో పంట గురించి చెప్పింది. మూడోసారి మీకే విసుగొచ్చి పక్కన పడేశారు. ఆ సంగతి కుర్రాళ్లకు చెబితే చిన్నబుచ్చుకుంటారనుకున్నారు. లేదా తప్పు మీదేననీ, ఫోను వాడటం మీకే చేతగాలేదనీ అనుకున్నారు.

ఇది కల్పించి చెప్పిన ముచ్చటే. కాని మాచర్ల వైపైనా, గురజాల వైపైనా, నరసరావుపేట చుట్టుపక్కలైనా ఇలాంటి ప్రశ్నలు మన అరుగుల మీదికి రాక తప్పదు. ఆ రోజు మనం చెప్పే జవాబును బట్టే రేపటి యంత్రం తయారవుతుంది. అందుకే ఈ వారం ఈ నాలుగు మాటలు.

మనిషి గొంతు నుంచి మర గొంతు దాకా

ఫోనులో సలహా అడగడం మనకు కొత్త కాదు. కేంద్ర ప్రభుత్వం 2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటర్లు పెట్టింది. 1800-180-1551 నెంబరుకు చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగు తెలిసిన మనిషి పలుకుతాడు. మనం తడబడితే ఆగుతాడు. "ఏ పంటండీ? ఎన్నాళ్ల పైరు?" అని ఎదురు అడుగుతాడు. ఆ తర్వాత అంకెలు నొక్కితే రికార్డు చేసిన మాట వినిపించే పద్ధతి వచ్చింది. దీనికి ఇది నొక్కండి, దానికి అది నొక్కండి అంటూ సాగేది అదే.

ఇప్పుడు మూడో మెట్టు మీద ఉన్నాం. మన భాషలు యంత్రాలకు అర్థమయ్యేలా చేయడానికి కేంద్రం 2022 జూలైలో ‘భాషిణి’ని ప్రారంభించింది. 2023 సెప్టెంబరులో పీఎం కిసాన్ సొమ్ము గురించి జవాబు చెప్పే ‘కిసాన్ ఈ-మిత్ర’ వచ్చింది. తెలుగుతో కలిపి 11 భాషల్లో నోటితో అడిగే వీలు అందులో ఉంది. మన రాష్ట్రంలో 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ వాట్సాప్‌లో మొదలైంది. ప్రైవేటు సంస్థలూ, స్వచ్ఛంద సంస్థలూ ఇలాంటివే తయారు చేస్తున్నాయి.

ఇది చెడ్డదని ఎవరూ అనరు. చదువు రాని వాడికి అక్షరం అడ్డం. మాటకు ఆ అడ్డం లేదు. రాత్రి పదకొండు గంటలకు గుర్తొచ్చిన అనుమానాన్ని అప్పుడే అడగొచ్చు. అడిగిందే పదిసార్లు అడిగినా యంత్రం విసుక్కోదు.

కాని ఒక్క సంగతి ఆలోచించండి. పీఎం కిసాన్ సొమ్ము భూమి పేరు మీద ఉన్న కుటుంబాలకే. కౌలు రైతు ఫోను పట్టుకుని "నాకెందుకు రాలేదు?" అని అడిగితే, యంత్రం ఎంత తియ్యటి గొంతుతో చెప్పినా ‘మీకు వర్తించదు’ అనే చెప్పాలి. జవాబు తప్పు కాదు. కాని ఆ రైతుకు కావలసింది ఆ తర్వాతి మాట: "మరి నేనెవర్ని కలవాలి? ఏ కాగితం తెచ్చుకోవాలి?" అది చెప్పని యంత్రం గొంతు ఎంత బాగున్నా, కౌలు రైతుకు మూసిన తలుపే. ఈ లోటు బయటపడాలంటే ఆ కౌలు రైతును ఎవరో ఒకరు పక్కన కూర్చుని అడగాలి. ఆయన దాచకుండా చెప్పాలి.

లెక్కకు అందనిది

అలా పక్కన కూర్చుని అడగడమే ఒక రకం పరిశోధన. ఎంతమంది వాడారు, ఎన్ని నిమిషాలు మాట్లాడారు అనేది కంప్యూటరు తనంతట తనే లెక్క కడుతుంది. ఒక రైతు నాలుగు నిమిషాలు మాట్లాడాడని లెక్క చూపిస్తుంది. ఆ నాలుగు నిమిషాలూ పనికొచ్చే సలహా విన్నాడా, లేక ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగి అలిసిపోయాడా? లెక్కకు తెలియదు. కాల్ మధ్యలో పెట్టేశాడు. జవాబు దొరికి పెట్టేశాడా, కోపం వచ్చి పెట్టేశాడా? అదీ తెలియదు.

అది తెలుసుకోవడానికే మనుషుల్ని పంపుతారు. వాళ్లు మీరు ఫోను వాడుతుంటే చూస్తారు. ఎక్కడ ఆగారో, ఏ మాట దగ్గర నవ్వారో, ఎప్పుడు మనవడిని పిలిచారో గమనిస్తారు. ఎందుకు అని అడుగుతారు. మీ మాటలు మీరన్నట్టే రాసుకుంటారు. ఇరవై ముప్పై మందితో ఇలా మాట్లాడినా, వేలమంది లెక్క చెప్పని సంగతి ఒక్కోసారి దొరుకుతుంది. అయితే అంతా మీ నోట వచ్చే నిజం మీదే ఆధారపడి ఉంటుంది. నారు చచ్చుదైతే తోట ఎలా వస్తుంది?

మన మాట దానికి తెలుసా?

ఉదాహరణకు ‘మందు’ అనే ఒక్క మాట తీసుకోండి. "చేనుకు మందేశాను" అంటే ఎరువు. "మందు కొట్టాను" అంటే పురుగుమందు. "మందు తెచ్చుకున్నాను" అంటే జ్వరం బిళ్లలూ కావచ్చు, సాయంత్రం సీసా కూడా కావచ్చు. మనకు సందర్భం తెలుసు. యంత్రానికి ఎవరు చెప్పాలి?

మిరపతోటలో ‘బొబ్బర’ అంటే తెగులు. ‘బొబ్బర్లు’ అంటే కంచంలోకి వచ్చే గింజలు. చివరి అక్షరం గాలికి కొట్టుకుపోతే యంత్రం అలసంద సాగు గురించి పాఠం చెప్పినా ఆశ్చర్యం లేదు. పైగా ఆ బొబ్బర అనే మాటను రైతులందరూ ఒకే లక్షణానికి వాడరు.

ఇక ముడత సంగతి చూడండి. ఆకు అంచులు పైకి తిరిగితే పై ముడత. అది తామర పురుగు పని. ఆకు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా కనిపిస్తే కింద ముడత. అది తెల్లనల్లి పని. తామర పురుగు మందు నల్లి మీద పనిచేయాలని లేదు. నల్లికి వేరే మందులున్నాయి. మీరు "ముడత వచ్చింది" అంటే, తెలిసిన మనిషి "పైకా, కిందికా?" అని ముందు అడుగుతాడు. అడగకుండా యంత్రం ఒక మందు పేరు చెప్పేసిందంటే మీ డబ్బు, కూలి, ఆ వారం రోజుల అదును మూడూ పోయినట్టే. ఎకరం మిరపకు పెట్టే పెట్టుబడి ఎంతో మీకు నేను చెప్పనక్కర్లేదు.

2021-22 సీజను గుర్తుందా? నల్ల తామర పురుగు పూతలో చేరి మిరపతోటల్ని ఊడ్చిపెట్టింది. మందు మీద మందు కొట్టి అప్పుల పాలైన వాళ్లు మన మధ్యే ఉన్నారు. పాత తామర పురుగుకు చెప్పే పాఠం దానికి సరిపోలేదు. నిన్నటి పుస్తకాలు మాత్రమే చదివిన యంత్రం, ఇవాళ చేలో దిగిన కొత్త పురుగు గురించి ఏం చెబుతుంది? ‘నాకు తెలియదు, ఫలానా వాళ్లను అడగండి’ అని చెప్పడం దానికి నేర్పారా? తెలియకపోయినా గొంతు తడబడకుండా జవాబు చెప్పడం ఈ కొత్త యంత్రాలకున్న పెద్ద జబ్బు. మనిషి తడబడితే మనకు అనుమానం వస్తుంది. యంత్రం తడబడదు. అక్కడే మోసపోతాం.

గుజరాతు అరుగు చెప్పిన పాఠం

రైతుల్ని ఇలా దగ్గర కూర్చుని అడిగితే ఏం తేలుతుందో గుజరాతులో ఒకసారి చూశారు. అక్కడ ‘అవాజ్ ఒటలో’ అని ఫోను మీద నడిచే సేవ ఒకటి పెట్టారు. ఒటలో అంటే మన అరుగే. గొంతుల అరుగు అన్నమాట. నీల్ పటేల్, తపన్ పారిఖ్ అనే పరిశోధకులు, డెవలప్‌మెంట్ సపోర్ట్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి చేసిన పని అది. 51 మంది చిన్న రైతులు ఏడు నెలలు దాన్ని వాడిన తీరు గమనించి, వాళ్లతో మాట్లాడి, 2010లో ఆ వివరాలు ప్రకటించారు.

తేలిందేమిటి? రైతులు ఎక్కువగా ఇష్టపడింది ప్రశ్న అడగడం, ఇతరుల ప్రశ్నలూ వాటికి వచ్చిన జవాబులూ వినడం. పక్క ఊరి రైతు తన గొంతుతో తన బాధ చెబుతుంటే వినడం. అక్షరాలా అరుగు మీద జరిగేదే ఫోనులోనూ జరిగింది. ఇంకో సంగతి. నోటితో చెప్పడం కంటే అంకె నొక్కడమే నయమన్నారు. అంతకు ముందు 2009లో ప్రకటించిన మరో అధ్యయనంలో 45 మందిని రెండు జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒక్కో పద్ధతి ఇచ్చి చూశారు. అందులోనూ అంకెలు నొక్కిన వాళ్లే పని సులువుగా పూర్తి చేశారు. అప్పటి యంత్రం చెవి ఇప్పటిదంత పదును కాదనుకోండి. అయినా ‘పల్లెటూరి వాళ్లు కదా, మాటే సులువు’ అని పట్నంలో కూర్చుని అనుకున్నది పల్లెకు వెళ్లి చూస్తే నిలబడలేదు.

అన్నిటికంటే ముఖ్యమైంది మూడోది. అదే బృందం 2012లో ప్రకటించిన ప్రయోగం ఇది. 305 మంది రైతులకు రెండు వారాల్లో ఏడు వ్యవసాయ సలహాలు ఫోనులో పంపారు. అవే సలహాల్ని కొన్ని శాస్త్రవేత్తల గొంతుతో, కొన్ని తోటి రైతుల గొంతుతో రికార్డు చేశారు. మొదటి ముక్క వినిపించి, మిగతాది కావాలంటే ఫలానా నెంబరుకు చేయమన్నారు. తోటి రైతు గొంతు విన్నప్పుడే ఎక్కువమంది తిరిగి ఫోను చేశారు. మరి ప్రయోగానికి ముందూ తర్వాతా "ఎవరి సలహా ఇష్టం?" అని ఎదురుగా అడిగితే? ఎక్కువమంది "శాస్త్రవేత్తలదే" అన్నారు.

చూశారా? నోరు చెప్పింది ఒకటి, వేలు నొక్కింది ఇంకొకటి. చదువుకున్న అయ్యగారు అడుగుతుంటే మర్యాదకు అలా చెప్పి ఉండొచ్చు. ఫోను చేసిన లెక్క కూడా చేతిలో ఉంది కాబట్టి వాళ్లకు తేడా తెలిసింది. నోటి మాటే నమ్మి ఉంటే? శాస్త్రవేత్తల గొంతులే నింపి ఒక సేవ తయారయ్యేది. దాన్ని అందరూ పొగిడేవాళ్లు, కొద్దిమందే వినేవాళ్లు. మన ‘బాగుంది బాబూ’ చేసే నష్టం సరిగ్గా ఇదే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. ఐబీఎం పరిశోధకులు ‘వాయికియోస్క్’ పేరుతో పల్లెజనం కోసం గొంతుతో నడిచే సమాచార సేవ పెట్టారు. 2009లో ప్రకటించిన లెక్క ప్రకారం ఎనిమిది నెలల్లో ఆరున్నర వేల మంది, లక్షకు పైగా సార్లు ఫోను చేశారు. ఊరివాళ్లు వినడమే కాక, తమ మాట తామే అందులో పెట్టుకునే వీలుండటం దాని ప్రత్యేకత. అంటే మనవాళ్లకు ఫోనుతో మాట్లాడటం రాదన్న మాట అబద్ధం. తమకు పనికొస్తుందనిపిస్తే వాడతారు. తమ మాటకు చోటుంటే ఇంకా వాడతారు.

వాళ్లొచ్చినప్పుడు ఏం చెప్పాలి?

రైతు సోదరులారా, మీ దగ్గరికి ఎవరైనా ఇలా అడగడానికి వస్తే ఈ అయిదు సంగతులు మరవకండి.

1. బాగుందో లేదో చెప్పడం తర్వాత. ఏం జరిగిందో చెప్పండి. "మొన్న మంగళవారం ముడత గురించి అడిగాను, అది ఫలానా మందు చెప్పింది, నేను కొట్టలేదు, ఎందుకంటే..." అని వరసగా చెప్పండి. ఒక్క నిజమైన సంఘటన పది పొగడ్తల కంటే విలువైంది.

2. వాళ్ల ముందే ఫోను తీసి వాడి చూపించండి. ఇంట్లో నిశ్శబ్దంగా కాదు. ఇంజను ఆడుతున్న చోట, గాలి కొడుతున్న గట్టు మీద, మీరు నిజంగా అడిగే చోట అడిగి చూపించండి.

3. మీ మాట మార్చుకోకండి. పుస్తకాల తెలుగులోకి దిగకండి. మనం ‘ఎట్టా’ అంటే అది ‘ఎలా’ అని తెలుసుకోవలసిన పని యంత్రానిది. మనం దానికోసం పలుకు మార్చుకుంటే మన మాట దానికి ఎప్పటికీ రాదు.

4. అర్థం కాకపోతే సిగ్గుపడకండి. తప్పు మీది కాదు. పది మంది రైతులు ఒకే చోట తడబడ్డారంటే గొయ్యి దారిలో ఉన్నట్టు, నడిచేవాడి కాళ్లలో కాదు.

5. మీకు ఏం కావాలో అడగండి. మనం చెప్పింది తిరిగి చదివి ‘ఇదేనా?’ అని అడిగి ఆ తర్వాతే జవాబు చెప్పాలని అడగండి. ఒక అంకె నొక్కితే మనిషి పలకాలని అడగండి. తోటి రైతుల ప్రశ్నలు వినే వీలు అడగండి.

ఇంకో మాట. అడగడానికి వచ్చిన వాళ్లు ఇంటి యజమానినే అడిగి పోతారు. కాయకోతకు పోయేది, కలుపు తీసేది, ఆకు ముడత ముందుగా చూసేది ఆడవాళ్లు. ఫోను మాత్రం మగవాళ్ల జేబులో ఉంటుంది. మీరే లోపలికి కేకేసి "అమ్మాయ్, నువ్వు కూడా వచ్చి చెప్పు" అనండి. మీరు కాసేపు పక్కకు వెళ్లండి. మీ ముందు చెప్పలేని మాటలు వాళ్లు అప్పుడు చెబుతారు. పక్కింటి కౌలు రైతునూ పిలవండి. సెంటు భూమి లేకుండా అయిదెకరాలు చేసేవాడి ప్రశ్న వేరు. అది ఆయన నోటే రావాలి.

మీ గొంతు మీ ఆస్తి

యంత్రానికి తెలుగు నేర్పడానికి మనుషుల గొంతులు కావాలి. దేశంలో జిల్లా జిల్లా తిరిగి గొంతులు రికార్డు చేస్తున్న సంస్థలున్నాయి. మంచిదే. మన యాస అందులో లేకపోతే నష్టం మనకే. అయితే రికార్డు చేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎక్కడికి పోతుంది? దేనికి వాడతారు? వద్దంటే తీసేస్తారా? మనిషి వివరాలు తీసుకునే ముందు ఎందుకో స్పష్టంగా చెప్పి ఒప్పుదల తీసుకోవాలనీ, ఆ సంగతి తెలుగులాంటి మన భాషల్లోనూ చదువుకునే వీలుండాలనీ 2023లో పార్లమెంటు చట్టం చేసింది. దాని నిబంధనలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. కాబట్టి అడగడం పెడసరం కాదు, మీ హక్కు. భూమి కాగితం చదవకుండా వేలిముద్ర వేయం గదా. గొంతూ అంతే.

అధికారులకూ, కంపెనీల వారికీ కూడా ఒక మనవి. నరసరావుపేటలో హాలు అద్దెకు తీసుకుని, యాభై మందిని కూర్చోబెట్టి, చేతులెత్తమని అడిగితే అందరూ ఎత్తుతారు. అది అభిప్రాయం కాదు. రెంటచింతల ఎండలో చేను గట్టు దాకా రండి. ఒకసారి వచ్చి పోవడం కాదు, నారు పోసినప్పుడు ఒకసారి, పూతకు ఒకసారి, కాయకోతకు ఒకసారి రండి. రైతు పొగిడితే నమ్మకండి. వాడుతున్నాడా లేదా చూడండి. రైతు చెప్పినదానివల్ల ఏం మార్చారో తర్వాత వచ్చి ఆయనకే చెప్పండి. తన మాటకు విలువ ఉందని తెలిస్తే రెండోసారి ఆయనే నిజం చెబుతాడు.

అప్పటిదాకా మనం చేయవలసింది ఒకటుంది. ఫోను చెప్పే మాట వినండి, వద్దనను. వాతావరణమో, పథకం వివరమో అడిగి తెలుసుకోండి. కాని పురుగుమందు పేరు, మోతాదు చెబితే మాత్రం వెంటనే దుకాణానికి పరిగెత్తకండి. ముడత పడ్డ కొమ్మ ఒకటి తుంచుకుని రైతు సేవా కేంద్రంలో చూపించండి. లేదా కిసాన్ కాల్ సెంటర్‌కు చేసి మనిషితో మాట్లాడండి. ఆకు తిప్పి చూసే కన్ను ఫోను మాటకు లేదు.

ఈసారి సంచీ వేసుకున్న కుర్రాళ్లు వస్తే మజ్జిగ తప్పకుండా ఇవ్వండి. దాంతోపాటు నిజం కూడా చెప్పండి. వాళ్లు మీ ఊరి దాకా వచ్చింది దానికోసమే.